రౌతు కొద్దీ గుర్రం: నవాబ్ సర్ అఫ్సరుల్ ముల్క్ జీవితం

రౌతు కొద్దీ గుర్రం అని మన పెద్దలు అన్నారు. గుర్రమెక్కి తిరిగిన తరం గతించి చాలాకాలమైనా ఆ సామెత మన నాలుకల మీద మిగిలే ఉన్నది. కోట్‌పల్లి, వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో నివసించే మనకు ఆ సామెతతో మరికొంత దగ్గర చుట్టరికం కూడా ఉన్నది. వికారాబాదు అన్న పేరు నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా పేరిట ఏర్పడినది. 1893 నుండి 1901 వరకు హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా ఉన్న ఆ ప్రభువు పాయగా వంశీయుడు. పాయగా అనే పారశీక పదానికి నిలుచుండు చోటు అని, గుర్రపుసాల అని అర్థాలు గలవు. నిజాం ప్రభువు రక్షణకై గుర్రపు దళాలను పోషించవలెనన్న బాధ్యతతోనే ఆ వంశానికి జాగీర్లు సంక్రమించినవి. అనగా మన పల్లెల శిస్తు సొమ్ములో కొంత ఒకప్పుడు గుర్రాల దాణాగా మారినదన్నమాట.

ఆ గుర్రాలు నేడు లేవు. వాటిని పోషించిన రైతుల పేర్లు ఏ కాగితంలోను కానరావు. కాని ఆ కాలపు అశ్వసేనకు అధిపతియై, దక్కను రౌతు పేరును సముద్రాల ఆవలి వరకు తీసుకొనిపోయిన ఒక వ్యక్తి కథ మాత్రం మనకు తెలుసు. ఆయనే నవాబ్ సర్ అఫ్సరుల్ ముల్క్ బహదూర్. ఆయన జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం. అయితే గుర్రాన్ని తెలుసుకొనక రౌతును తెలుసుకొనలేము. కాబట్టి అక్కడక్కడ గుర్రం ముందుకు వచ్చి నిలిస్తే పాఠకులు మన్నింతురు గాక.

ఆయన అసలు పేరు మీర్జా ముహమ్మద్ అలీ బేగ్. 1850ల తొలి సంవత్సరాలలో ఔరంగాబాదులో జన్మించారు. ఆనాడు ఔరంగాబాదు నిజాం రాజ్యంలోని నగరమే గాక హైదరాబాదు కంటింజెంట్ అనే సేనకు ముఖ్యమైన స్థావరం కూడా. ఆ సేన చరిత్ర కొంత విచిత్రమైనది. ఖర్చు నిజాముది, అధికారం ఇంగ్లీషువారిది. ఆ సేన జీతాల బాకీ పేరిటనే 1853లో సారవంతమైన బేరారు ప్రాంతం నిజాం చేయి జారి కంపెనీ ఏలుబడిలోకి పోయింది. యువకుడైన ముహమ్మద్ అలీ బేగ్ సైనిక జీవితం ఆ కంటింజెంట్ అశ్వదళంలోనే ప్రారంభమైనది.

కంటింజెంట్ రిసాలాలు సిలాహ్‌దారీ పద్ధతిపై నడిచేవి. ఈ పద్ధతిలో ప్రభుత్వం సిపాయికి నెలజీతం ఇచ్చును గాని గుర్రం ఇవ్వదు. రౌతు తన గుర్రాన్ని తానే తెచ్చుకొనవలెను, లేదా దాని వెలను దళానికి చెల్లించవలెను. జీను, దుస్తులు, దాణా, గడ్డి ఇవన్నీ అతని భారమే. సొంత గుర్రం గలవాడు సిలాహ్‌దారు. ఇతరుల గుర్రం మీద కొలువు చేయువాడు బార్గీరు. గుర్రం చచ్చిపోతే కొత్తదానిని కొనుటకై రౌతులందరి జీతాల నుండి చందా నిధి ఒకటి కూడబెట్టేవారు. నేటి ఆటో డ్రైవరుకు ఆటో ఎట్టిదో ఆనాటి రౌతుకు గుర్రం అట్టిది. అది కుంటుపడితే కుటుంబమంతా కుంటుపడును. ఇట్టి చోట పెరిగినవానికి గుర్రం అందమైన వాహనం మాత్రమే కాదు, ఒక ఇంటి అన్నం అని బాల్యంలోనే తెలిసి ఉండును. అఫ్సరుల్ ముల్క్ జీవితాంతం గుర్రాల పట్ల చూపిన శ్రద్ధకు మూలం ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయం.

రిసాలాలో చేరవలసిన గుర్రానికి మొదటి పరీక్ష ఎత్తు. ఎత్తును కొలుచుట చూచుటకు సులభంగా ఉన్నా చేయుటకు సులభం కాదు. గుర్రం తల ఎత్తును, దించును, తిప్పును. కాబట్టి తలవరకు కొలిచిన కొలత ఎప్పుడూ నిలువదు. మెడ ముగిసి వెన్ను మొదలయ్యే చోట, రెండు భుజాల నడుమ ఎత్తుగా కనిపించే మూపు కదలదు. నేల నుండి ఆ మూపు వరకు గల నిలువు దూరమే గుర్రం ఎత్తు. నేల సమతలంగా ఉండవలెను. మన తాండూరు బండలు పరచిన వాకిలి ఇందుకు చక్కగా సరిపోవును. గుర్రం నాలుగు కాళ్ల మీద సమంగా నిలువవలెను. ముందుకాళ్లు రెండూ ఒకే వరుసలో ఉండవలెను. తల మరీ పైకి గాని మరీ కిందికి గాని ఉండరాదు. గుర్తులు చెక్కిన కర్రను పక్కన నిలువుగా నిలిపి, దానికి అమర్చిన అడ్డకర్రను మెల్లగా జార్చి మూపుపై ఆన్చవలెను. కాళ్లకు లాడాలు ఉన్నయెడల వాటి మందాన్ని తీసివేయవలెను.

ఇంగ్లీషువారు ఈ ఎత్తును హ్యాండ్ అనే కొలతతో చెప్పుదురు. హ్యాండ్ అనగా నాలుగు అంగుళాలు. ఒకప్పుడు అది బొటనవ్రేలితో కూడ అరచేతి వెడల్పు. మన పల్లెలలో నాలుగు వ్రేళ్ల వెడల్పును బెత్తెడు అంటారు. రెండు కొలతలు ఒకే చేతి నుండి పుట్టిన అక్కచెల్లెళ్లు. ఒక దానిలో బొటనవ్రేలు చేరినది, మరొక దానిలో చేరలేదు, అంతే తేడా. 14.2 హ్యాండ్లు అని వ్రాసినయెడల విద్యార్థులు దానిని దశాంశంగా భావించరాదు. పదునాలుగు హ్యాండ్ల మీద రెండు అంగుళాలు అని అర్థం, అనగా 58 అంగుళాలు. 14.3 తరువాత వచ్చునది 15. గుర్రాల లెక్కలో 14.4 లేదు. సాధారణంగా 14.2 లోపుదానిని పోనీ అని, దానికి మించినదానిని గుర్రం అని వ్యవహరించుట వాడుక.

ఈ కొలత ఇంగ్లీషువారితోనే మన దేశానికి వచ్చినదని అనుకొనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులు చెప్పిన ప్రకరణం ఒకటి ఉన్నది. అందులో ఉత్తమాశ్వం ముఖం 32 అంగుళాలు, పిక్క 20 అంగుళాలు, ఎత్తు పిక్కకు నాలుగింతలు అని నిర్ణయింపబడినది. అనగా ఎత్తు 80 అంగుళాలు. ప్రాచీనుల అంగుళం వ్రేలి వెడల్పు. అది నేటి అంగుళంలో ముప్పాతిక అని తీసుకొంటే 60 అంగుళాలు, అనగా సరిగా 15 హ్యాండ్లు అవుతుంది. రెండువేల ఏండ్ల తరువాత రిసాలాల కోసం గుర్రాలు కొన్నవారు కోరినది కూడా దాదాపు ఇదే ఎత్తు. తెలుగులో సయితం మనుమంచి భట్టు హయలక్షణ విలాసమనే గ్రంథంలో అశ్వశాస్త్రాన్ని పద్యాలలో నిబంధించాడు. గుర్రాన్ని కొలిచి, సుడులు చూచి, నడక చూచి ఎంచుకొను విద్య ఈ నేలకు కొత్త కాదు.

అశ్వసేనలో ఎత్తుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? రౌతు, జీను, ఆయుధం, నీళ్లు, దాణా అన్నీ కలిపితే నూరు కిలోలకు మించిన బరువు గుర్రం వెన్ను మీద పడును. దానిని మోయుటకు తగిన ఎముక, ఛాతీ ఉండవలెను. ఎత్తైన గుర్రం మీద కూర్చున్నవాని ఈటె దూరం అందును. అంతకంటే ముఖ్యమైనది సమత. దాడి చేయునప్పుడు వందల గుర్రాలు ఒకే వరుసలో పరుగెత్తవలెను. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే అంగలు కలియవు. అంగలు కలియకపోతే వరుస విరుగును. వరుస విరిగిన దళం గుంపు మాత్రమే అగును. అయితే ఎత్తు పెరిగిన కొద్దీ మేత కూడా పెరుగును. కాబట్టి మరీ ఎత్తైన గుర్రం మన ఎండలలో, మన గడ్డి మీద నిలువలేదు.

దక్కనుకు తనదైన గుర్రం ఒకటి ఉన్నది. భీమా నదీతీరాలలో పెరిగినది కాబట్టి దానికి భీమ్‌థడీ అని పేరు. తాండూరు పక్కగా పారే మన కాగ్నా కూడా చివరకు కలియునది ఆ భీమానదిలోనే. ఆ గుర్రం పొట్టిది, సాధారణంగా 13 హ్యాండ్లకు అటూ ఇటూ. కాని గట్టిది, కొద్ది మేతతో కొండలెక్కగలది. 1626లో మరణించిన మలిక్ అంబర్ ఇట్టి తేలిక గుర్రాల రౌతులతోనే మొగలు మహాసేనను ఏండ్ల తరబడి అలసిపోజేశాడు. దీనితో పాటు బొంబాయి రేవుకు అరబ్బీ గుర్రాలు వచ్చేవి. పందొమ్మిదవ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుండి వేలర్ గుర్రాలు ఓడలలో దిగసాగినవి. న్యూ సౌత్ వేల్స్ నుండి వచ్చినవి కాబట్టి వాటికి ఆ పేరు. ముహమ్మద్ అలీ బేగ్ యౌవనంలో దక్కను గుర్రపు సంతలలో ఈ మూడు జాతులు పక్కపక్కన నిలిచేవి. వాటిలో దేనిని ఏ పనికి ఎంచుకొనవలెనో తెలిసినవాడే మంచి అశ్వాధికారి.

ముహమ్మద్ అలీ బేగ్ స్వారీలోను, నేజాబాజీలోను అసాధారణ ప్రజ్ఞ చూపినవాడు. నేజాబాజీ అనగా నేలలో పాతిన గూటాన్ని గుర్రం పరుగు మీద ఈటె కొనతో పెకలించుకొని పోవుట. రెప్పపాటులో కన్ను, చేయి, గుర్రం ఒకటి కావలెను. ఈ ప్రజ్ఞయే ఆయనను కంటింజెంట్ నుండి హైదరాబాదు కొలువుకు చేర్చినది. 1866లో పుట్టి పసితనంలోనే గద్దెనెక్కిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు స్వారీ అన్నా వేట అన్నా అమితమైన మక్కువ. 1884 ఫిబ్రవరిలో ఆయన సంపూర్ణాధికారాలు స్వీకరించారు. అదే కాలంలో ముహమ్మద్ అలీ బేగ్ ప్రభువుకు ఏడీసీ అయి, అఫ్సర్ జంగ్ అనే బిరుదు పొంది, గోల్కొండలో ఒక కొత్త దళాన్ని నిలిపే బాధ్యత స్వీకరించారు. గోల్కొండ బ్రిగేడ్ అని పేరొందిన ఆ దళంలో లాన్సర్లు, అనగా ఈటె రౌతులు, ప్రధానం.

ఇక్కడ కొత్త దళం ఎందుకు కావలసి వచ్చినదో తెలియవలెను. గుర్రాల లెక్కలో మోసం మన దేశంలో బహు ప్రాచీనమైన జాడ్యం. సర్దారు వెయ్యి గుర్రాలకు జీతం తీసుకొని ఐదు వందలు పోషించును. తనిఖీ నాడు పక్కవాని గుర్రాలను అరువు తెచ్చి నిలుపును. మేలుజాతి గుర్రం పేరు చెప్పి చౌక తట్టువను కట్టును. దీనిని అరికట్టుటకే అల్లాఉద్దీన్ ఖిల్జీ గుర్రాలకు వాతవేయు దాగ్ పద్ధతిని, సిపాయి ఆనవాళ్లు వ్రాయు హులియా పద్ధతిని అమలు చేశాడు. అక్బరు మళ్లీ దానిని పునరుద్ధరించాడు. విజయనగరపు సాళువ నరసింహరాయలు సముద్రంలో చనిపోయిన గుర్రాలకు సయితం, తోకలు తెచ్చి చూపితే చాలు, వెల చెల్లించేవాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ వ్రాశాడు. గుర్రాలు ఎంత అవసరమో, ఆ వ్యాపారంలో ఎంత సందు ఉన్నదో దీనివలన తెలియగలదు. హైదరాబాదులో కూడా మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యేనాటికి జమాదార్ల సేనలు రాజ్యాన్ని పీల్చివేయుచుండెను. ఆ మహామంత్రి చేసిన సంస్కరణల బాటలోనే తరువాతి కాలంలో ఒకే శిక్షణ, ఒకే జీతం, ఒకే క్రమం గల దళాలు ఏర్పడినవి. గోల్కొండ బ్రిగేడ్ ఆ కోవలోనిదే. కొలకర్ర, హాజరు పట్టీ, వాతముద్ర ఈ మూడు లేని అశ్వసేన కాగితపు గుర్రాల సేనయే. స్నేహితుని బదులు హాజరు పలుకు విద్యలో ఆరితేరిన మన విద్యార్థులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

1887లో మహబూబ్ అలీ ఖాన్ వాయవ్య సరిహద్దు రక్షణకై 60 లక్షల రూపాయలు ఇవ్వజూపారు. ఇట్టి ప్రతిపాదనల నుండియే సంస్థానాలు తమ ఖర్చుతో ఇంపీరియల్ సర్వీసు దళాలను పోషించే ఏర్పాటు పుట్టినది. హైదరాబాదు వంతుగా లాన్సర్ల రెజిమెంట్లు రూపొందినవి. వాటి నాయకత్వం కూడా అఫ్సర్ జంగ్ భుజాల మీదనే పడినది. క్రమంగా ఆయన నిజాం సేనలకు ప్రధాన సేనాని అయినారు. హైదరాబాదు కొలువులో బిరుదులకు కూడా ఒక కొలకర్ర ఉండేది. జంగ్, దాని మీద దౌలా, దాని మీద ముల్క్, దాని మీద ఉమ్రా, అన్నిటికి పైన జాహ్. అఫ్సర్ జంగ్ అఫ్సరుద్దౌలా అయి, అటు పిమ్మట అఫ్సరుల్ ముల్క్ అయినారు. ఇంగ్లీషు ప్రభుత్వం కూడా ఆయనకు సర్ బిరుదు ఇచ్చినది. గొప్ప జాగీరుదారు ఇంట పుట్టనివాడు జీను మీదనే కూర్చుండి ఇన్ని మెట్లెక్కుట ఆనాటి హైదరాబాదులో సామాన్యమైన విషయం కాదు.

ఆ దినాలలో అశ్వసేనకు పోలో ఆట సగం శిక్షణ. గుర్రాన్ని ఒంటిచేత నడపుట, క్షణంలో మరలించుట, పక్కవాని కదలికను కనిపెట్టుట, ఇవన్నీ యుద్ధంలోను కావలసినవే. అఫ్సరుల్ ముల్క్ తీర్చిదిద్దిన గోల్కొండ జట్టుకు దేశమంతటా పేరు. పోలోలో పోనీ ఎత్తుకు హద్దు ఉండేది. భారతదేశంలో ఒకప్పుడు ఆ హద్దు 13.3. ధనవంతుడు పెద్ద గుర్రం తెచ్చి పేదవానిని ఓడించరాదని, ఆట అందరికీ అందుబాటులో ఉండవలెనని దాని ఉద్దేశ్యం. కాని మనిషి హద్దును గీచినచోటనే దానిని దాటు ఉపాయాన్ని కూడా కనిపెట్టును. మూపు మీద వేలు సోకగానే వెన్ను దించునట్లు పోనీకి నేర్పేవారు. కొలతకు ముందురోజు నిద్రపోనీయక అలసిపోజేసి తెచ్చేవారు. డెక్కలను అరగదీసేవారు. సేనలో చేరవలసిన గుర్రాన్ని ఎత్తుగా చూపుటకు ఒక మోసం, ఆటలో చేరవలసినదానిని పొట్టిగా చూపుటకు మరొక మోసం. కర్ర మాత్రం ఒక్కటే. అందుచేతనే కొలిచేవాని నిజాయితీ కర్రకంటే ముఖ్యమైనది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం పోలోలో ఎత్తు హద్దునే తొలగించివేశారు.

1896లో ఒక ముచ్చట జరిగినది. ఇంగ్లండు నుండి 4వ హుస్సార్స్ అనే రెజిమెంటు బెంగుళూరుకు చేరి రెండు మాసాలైనా గడవకముందే హైదరాబాదులో గోల్కొండ కప్పుకు పోటీకి దిగినది. ఆ జట్టులోని ఒక యువకుడు తరువాతి కాలంలో బ్రిటిషు ప్రధానమంత్రి అయిన విన్‌స్టన్ చర్చిల్. మొదటి ఆటలోనే వారికి గోల్కొండ జట్టు ఎదురుపడినది. కొత్తవారు చిత్తుగా ఓడుదురని అందరూ ఊహించారు. ఫలితం తలక్రిందులైనది. హుస్సార్స్ 9 గోళ్లు కొట్టగా గోల్కొండకు 3 మాత్రమే దక్కినవి. కప్పు కూడా వారే గెలుచుకొన్నారు. దీనికొక కారణం స్పష్టం. వారు ఓడ దిగిన వెంటనే పూనా లైట్ హార్స్ దళం నుండి శిక్షణ పొందిన 25 పోనీలను ఒక్కసారిగా కొనివేశారు. గుర్రాన్ని ఎంచుకొనుటలో సగం విజయమున్నదని మన జట్టుకు ఆనాడు పరాయివారు నేర్పిన పాఠమిది. పాఠం చేదుగా ఉన్నంత మాత్రాన చరిత్రలో దానిని దాచరాదు.

1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటును అణచుటకు వెళ్లిన భారత సేనతో అఫ్సరుల్ ముల్క్ కూడా వెళ్లారు. 1914లో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆయన వయస్సు అరవై దాటినది. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ 1911లో కీర్తిశేషులై ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజ్యానికి వచ్చి ఉన్నారు. హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టుకు తరలినారు. ఆ వయస్సులో కూడా అఫ్సరుల్ ముల్క్ యుద్ధసేవకై సముద్రం దాటినారు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగవలెను. తుర్కీ ఆ యుద్ధంలో జర్మనీ పక్షాన చేరినది. తుర్కీ సుల్తాను ఆనాటి లోకంలోని అనేక ముస్లిములకు ఖలీఫా. అందుచేత హైదరాబాదు రౌతులు ఎవరిపైకి పోవుచున్నారో ఆ సేనలోని సిపాయి సాయంకాలం తమవలెనే నమాజుకు నిలుచును. ముస్లిములు ఇంగ్లీషువారికి తోడుగా ఉండవలెనని నిజాం ఫర్మానా వెలువరించారు. ఉప్పు తిన్న ప్రభువు ఆజ్ఞ ఒక వైపు, మనస్సులోని మమత ఒక వైపు. యుద్ధం ముగియగానే దేశమంతటా చెలరేగిన ఖిలాఫత్ ఉద్యమాన్ని చూచినయెడల ఆ బాధ ఎంత లోతైనదో అర్థం కాగలదు. చైనాలో తిరుగబడినవారు కూడా తమ గడ్డ మీద పరాయి పెత్తనం సహింపక తిరుగబడినవారే. అఫ్సరుల్ ముల్క్ తన కాలపు ధర్మాన్ని పాటించిన సేవకుడు. రాజభక్తియే ఆయన ఎరిగిన నీతి. స్వాతంత్ర్యానంతరం పుట్టిన మనం ఆ నీతిని మన నీతిగా స్వీకరింపనక్కరలేదు. ఆయన నేర్పును మెచ్చుకొనుట ఒకటి, ఆ నేర్పు ఎవరి పక్షాన వినియోగమైనదో తెలుసుకొనుట మరొకటి. రెండింటిలో ఏ ఒక్కటి విడిచినా మన కొలత తప్పు.

ఆ యుద్ధంలోనే గుర్రపు సేనకు చివరి వెలుగు, చివరి చీకటి రెండూ కనిపించినవి. 1903లో కంటింజెంట్ భారత సేనలో కలిసిపోగా దాని రిసాలాలలో ఒకటి 20వ దక్కన్ హార్స్ అయినది. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో, హైవుడ్ అనే అడవి వద్ద, ఆ దక్కను రౌతులు గోధుమ చేల నడుమ ఈటెలు పట్టి ముందుకు దూకినారు. ఆ సాయంకాలం వారు కొంత భూమి గెలిచినారు గాని ముళ్లకంచెలు, మరతుపాకులు గల ఆ యుద్ధాన్ని ఈటెతో గెలుచుట అసాధ్యమని కూడా అక్కడనే తేలిపోయినది. మరతుపాకికి 14 హ్యాండ్ల గుర్రమైనా 16 హ్యాండ్ల గుర్రమైనా ఒక్కటే. అటు పాలస్తీనాలో మాత్రం విశాలమైన మైదానాలు ఉన్నందున గుర్రానికి ఇంకా పని మిగిలినది. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లు గుర్రాలెక్కి హైఫా పట్టణాన్ని స్వాధీనపరచుకొన్నారు. హైదరాబాదు లాన్సర్లు అదే బ్రిగేడులోని వారు. ఆనాడు వారికి ఖైదీలను తరలించు పని అప్పగింపబడినది. ఢిల్లీలో తీన్ మూర్తి అని పేరొందిన మూడు సిపాయి విగ్రహాలు 1922లో నిలిపినవి. అవి ఈ మూడు సంస్థానాల రౌతులకే స్మారకాలు. ఈసారి ఢిల్లీ వెళ్లిన విద్యార్థులు వాటిని చూచునప్పుడు, ఆ మూడింటిలో ఒకటి మన దక్కను రౌతుదని గుర్తుంచుకొనవలెను.

అఫ్సరుల్ ముల్క్ 1930 ప్రాంతంలో పరమపదించారు. తాను ఏ విద్యలో లోకమెరిగిన మేటి అయినారో ఆ విద్యకే కాలం చెల్లిపోవుట ఆయన కన్నులారా చూచారు. గుర్రపు లాయాలు ఖాళీ అయి మోటారు షెడ్లు వెలసినవి. మనిషికి ముసలితనం సహజం, కాని తన విద్య తనకంటే ముందే ముసలిదగుట కఠినమైన శిక్ష. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానాన్ని భారత యూనియన్‌లో చేర్చిన సైనిక చర్యకు ఆపరేషన్ పోలో అని పేరు. నగరంలో పోలో మైదానాలు అనేకం ఉండుటయే ఆ పేరుకు కారణమని చెప్పుదురు. గోల్కొండ జట్టు సంపాదించిన ఖ్యాతి చివరకు సంస్థానపు ముగింపుకు పేరై నిలుచునని ఎవరు ఊహింపగలరు?

నేడు ఆ అశ్వసేన పేర్లలో మాత్రమే బ్రతికి ఉన్నది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు సమీపాన ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ ఉన్నది. దాని పక్కన ఏసీ గార్డ్స్ ఉన్నది. అక్కడ ఏసీ అనగా చల్లని గాలి యంత్రం కాదు, ఆఫ్రికన్ కావల్రీ అని అర్థం. వనపర్తి సంస్థానం నుండి నిజాం కొలువుకు వచ్చిన సిద్దీ రౌతుల నివాసమది. రిసాలా బజారు అనే పేర్లు ఉన్నవి. బస్సు కండక్టరు ఆ పేర్లను పిలుచునప్పుడు దిగేవారు దిగుదురు, ఎక్కేవారు ఎక్కుదురు. డెక్కల చప్పుడు ఎవరికీ వినిపించదు. మన వికారాబాదు పేరు సయితం అట్టిదే.

విద్యార్థి మిత్రులారా, తూకంలో, కొలతలో తగ్గించి ఇచ్చుట మహాపాపమని మన మతం మనకు నేర్పినది. ఆ ఆదేశం అంగడిలోని వర్తకునికి మాత్రమే వర్తించునని నేను తలంపను. గతించినవారి గుణగణాలను చెప్పువానికి కూడా అది వర్తించును. మహనీయుల చరిత్రలు వ్రాసేవారిలో కొందరు లాడాలతో సహా ఎత్తు కొలుతురు. మరికొందరు గిట్టనివారి డెక్కలు అరగదీసి పొట్టివారిని చేయుదురు. అఫ్సరుల్ ముల్క్‌ను సమతల భూమిపై నిలిపి, బిరుదుల లాడాలు తీసివేసి కొలిచినయెడల ఏమి కనిపించును? రౌతు కుటుంబాల నడుమ పెరిగి, సొంత విద్యతో పైకి వచ్చి, పేరుకు కాక పనికి నిలిచే దళాన్ని తయారుచేసిన ఒక దక్షుడు కనిపించును. తన నేర్పును పరాయి సామ్రాజ్యపు యుద్ధాలకు సందేహం లేక సమర్పించిన ఒక సేవకుడు కూడా కనిపించును. ఇద్దరూ ఆయనయే.

రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ఇక్కడ మరొక అర్థాన్నిస్తున్నది. విద్య గుర్రం వంటిది. అది ఎంత ఎత్తైనదైనా, ఎంత వేగంగలదైనా, ఏ దిక్కుకు పోవలెనో నిర్ణయించవలసినవాడు దాని మీద కూర్చున్నవాడే. ఈ కళాశాల నుండి డిగ్రీ పుచ్చుకొని వెళ్లే ప్రతి విద్యార్థి ఒక గుర్రమెక్కి వెళ్లుచున్నాడు. కళ్లెం ఎవరి చేతిలో ఉన్నదో ఒక్కసారి చూచుకొని బయలుదేరవలెనని మాత్రమే నా మనవి.